ఊరక నిలిచిన బండి ఏల చెడును?

నిత్యము నడుచు మోటారు సైకిలు అరిగిపోయినదనిన ఎవ్వరును ఆశ్చర్యపడరు. చక్రము తిరుగును, గొలుసు రాచుకొనును, పిస్టన్ నిమిషమునకు వేలమారులు పైకి క్రిందికి పరుగిడును. ఇంతటి ఒరిపిడికి లోనైన లోహము క్షయించుట లోకసహజము. కాని తాతగారి కాలపు బుల్లెట్టును, అది చక్కగా నడుచుచుండగనే తెచ్చి కొట్టములో ఒక మూల నిలిపి, పైన గోనెపట్టా కప్పి మరచిన యింటివారు, పది పదునైదేండ్లకు దానిని వెలికి తీసి, కిక్కురాడ్డుపై కాలుమోపి, అది ఇసుమంతయు కదలకుండుట చూచి, "దీనిని ఎవ్వరును ముట్టనేలేదు గదా, ఎట్లు చెడినది?" అని అడుగుదురు.

ప్రశ్న సమంజసమైనది. దీనికి సమాధానము గ్రహించినవానికి పాత బండిని పునరుద్ధరించు విద్యలో సగము పట్టుబడినట్లే. ఏలయనగా నడుచు యంత్రమునకు శత్రువు ఒరిపిడి. నిలిచిన యంత్రమునకు శత్రువు రసాయనక్రియ. ఒరిపిడిచే పోయిన లోహము తిరిగి రాదు. తుప్పుచేతను, జిగురుచేతను బంధింపబడిన లోహమునైతే, తొందరపడని చేతికి చిక్కినచో, చాలవరకు విడిపింపవచ్చును. ఊరక నిలిచి చెడిన బండిని చూచి నిరాశ చెందనక్కరలేదని నేను దృఢముగా చెప్పుటకు ఆధారమిదియే.

ఉదాహరణముగా 350 సీసీ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టునే గైకొందము. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రూపొందిన ఈ బండిని మన సైన్యము తన అవసరములకై ఎన్నుకొనగా, 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ వెలసి, తిరువొత్తియూరులో దీనిని తొలుత విడిభాగములు తెప్పించి కూర్చుటకును, పిమ్మట స్వయముగా నిర్మించుటకును పూనుకొన్నది. పుట్టినింట దీని నిర్మాణము ఆగిపోయిన తరువాతను మద్రాసులో ఆ నమూనాయే స్వల్పభేదములతో దశాబ్దముల తరబడి కొనసాగుటవలన, ఒక కాలపు బండి విడిభాగము మరియొక కాలపు బండికి పలుమారు సరిపడును. ఔత్సాహికునకు ఇంతకు మించిన సదుపాయము లేదు. ఇందున్నది ఒకే సిలిండరు. దాని లోవ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు. అందుండి వచ్చు ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లు. సిలిండరు బారెల్ పోతయినుము, పిస్టన్ అల్యూమినియపు మిశ్రలోహము, పిస్టన్ చుట్టునున్న రింగులు ఇనుము, కార్బురేటరులోని జెట్లు ఇత్తడి. ఈ మూడు లోహముల స్వభావము తెలిసినవానికి ఈ బండిలో అర్థము కానిది అల్పము.

మంటలో పుట్టు నీరు

తుప్పునకు ఇనుము, ప్రాణవాయువు, నీరు మూడును కావలెను. మొదటి రెండును ఎక్కడనైనను ఉన్నవే. మరి వాన తగులని కొట్టములో, బిగించిన ఇంజను లోపలికి నీరెట్లు చేరినది?

అందులో కొంత ఆ ఇంజను పుట్టించినదే. పెట్రోలు కర్బనము, ఉదజని కలిసిన పదార్థము. అది మండునప్పుడు కర్బనము బొగ్గుపులుసు వాయువుగను, ఉదజని నీటియావిరిగను మారును. లెక్కగట్టి చూచినచో ఒక లీటరు పెట్రోలు సంపూర్ణముగా దహనమైనప్పుడు దాదాపు ఒక లీటరు నీరు జనించునని తేలును. వినువారు దీనిని తొలుత నమ్మరు. తెల్లవారుజామున చలిలో స్టార్టు చేసిన బండి సైలెన్సరు కొననుండి జారు బొట్లను చూపినప్పుడుగాని వారికి నమ్మిక కలుగదు. దూరప్రయాణమున ఇంజనును సైలెన్సరును బాగుగా కాగి ఈ యావిరినంతయు వెలికి నెట్టును. అట్లుగాక బండిని రెండు నిమిషములు మ్రోగించి ఆపివేసినచో, ఆవిరి చల్లని లోహముపై నీరై నిలుచును. పెట్రోలులోని స్వల్ప గంధకము మండగా పుట్టిన ఆమ్లము ఆ నీటిలో కలియును. "బండి పాడు కాకుండ వారమునకొకసారి స్టార్టు చేసి ఆపుచుంటిమి" అని చెప్పువారి బండ్లలో సైలెన్సరు లోపలినుండి తినివేయబడియుండుటకు హేతువిదియే. వారి ఉద్దేశము మంచిది. కాని ఆ రెండు నిమిషముల మ్రోత బండికి మేలుకంటె కీడే ఎక్కువ చేసినది.

మిగిలిన నీరు గాలినుండి వచ్చును. ఇంజను ఆగునప్పుడు రెండు వాల్వులలో ఏదియో ఒకటి తెరచియుండుట సామాన్యము. తెరచినది ఎగ్జాస్టు వాల్వైనచో సైలెన్సరు గుండ వెలుపలి తేమగాలి నేరుగా సిలిండరులోనికి వచ్చిపోవుచుండును. పగలు వేడెక్కిన గాలి వ్యాకోచించి వెలికి పోవును. రాత్రి చల్లబడగా క్రొత్త తేమగాలి లోనికి చొరబడును. ఇట్లు ఏండ్ల తరబడి ఆ యంత్రము తేమను గ్రోలుచునే యుండును. అందుచేత బండిని చిరకాలము నిలుపదలచినవారు, కిక్కురాడ్డుకు గట్టిగా ఎదురుతగులు స్థితికి, అనగా రెండు వాల్వులును మూసికొనియుండు స్థితికి, పిస్టన్‌ను తెచ్చి విడువవలెను.

నీరు చేరిన ఇనుపతలముపై జరుగునది ఒక సూక్ష్మమైన విద్యుద్వ్యాపారము. ఆ బొట్టు క్రింద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను విడిచి కరగును. వేరొకచోట నీటిలోని ప్రాణవాయువు ఆ ఎలక్ట్రాన్లను గ్రహించును. ఈ రెండు తావుల నడుమ లోహమే తీగగాను, నీరే ద్రావకముగాను పనిచేయును. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును సులభముగా ప్రవహింపజేయును గనుక, సముద్రపుగాలి తగులు కాకినాడ కొట్టములో పదేండ్లున్న బండికిని, పొడిగాలి వీచు అనంతపురపు కొట్టములో అంతకాలమే యున్న బండికిని తుప్పులో ఎంతో భేదముండును. పాత బండిని కొనబోవువాడు దాని వయస్సుకంటె ముందు అది నిలిచిన ఊరిని విచారించుట మేలు.

జిగురైన ఇంధనము

పెట్రోలు ఒకే పదార్థము కాదు. తేలికవియు బరువైనవియు అగు అనేక ద్రవముల మిశ్రమము. నిలువయున్న టాంకులో తేలిక ద్రవ్యములు ముందుగా ఎగిరిపోవును. చల్లని ఇంజనులో తొలి మంటను అందించునవి అవియే గనుక, మిగిలినది మండు ద్రవమే యైనను స్టార్టు కాదు. అంతటితో ముగియదు. శుద్ధికర్మాగారములలో పెద్ద అణువులను పగులగొట్టి పెట్రోలు చేయునప్పుడు, అసంతృప్త బంధములు గల అణువులు కొన్ని అందులో చేరును. ఇవి ప్రాణవాయువును గ్రహించి, ఒకదానికొకటి పెనవేసికొని, క్రమముగా బంకగా మారును.

కార్బురేటరు అడుగు గిన్నెను విప్పి చూడుడు. నాలుగు మరలు తీయగనే, వార్నీషును బోలిన పులిసిన వాసన ముక్కునకు తగులును. గిన్నె గోడలకు తేనెరంగు పొర అంటియుండును. గోటితో గీచినచో అది పొలుసుగా లేచును. ఇంజను నిదానముగా తిరుగునప్పుడు ఇంధనమందించు పైలట్ జెట్టును తీసి వెలుతురునకు ఎత్తి చూచినచో, రంధ్రము కానరాదు. ఆ రంధ్రపు వ్యాసము మిల్లీమీటరులో సగమైనను ఉండదు. పలుచని బంక పొర దానిని మూయుటకు చాలును. ఇక్కడ సామాన్యముగా జరుగు అపచారము ఇనుపతీగెతో పొడుచుట. ఇత్తడి మెత్తనిది; ఇనుము దానిని గీచి రంధ్రమును వెడల్పు చేయును; అటుపై ఆ బండి ఎన్నటికిని సరియైన పాళ్లలో పెట్రోలు త్రాగదు. బంకను అది కరగు ద్రవములో, అనగా థిన్నరులోనో అసిటోనులోనో ఒక రాత్రి నాననిచ్చి, గాలిపంపుతో ఊదవలెను.

ఇప్పటి పెట్రోలునందు ఇథనాలు కలియుచున్నది గనుక మరియొక చిక్కు వచ్చిపడినది. ఇథనాలు నీటిని ప్రీతితో గ్రహించును; గ్రహించిన నీరు ఒక పరిమితిని దాటగనే, ఆ నీరును ఇథనాలును కలిసి పెట్రోలునుండి విడిపోయి టాంకు అడుగున పొరగా నిలుచును. టాంకు అడుగుననే చిల్లులు పడుట అందువలన. పాతకాలపు రబ్బరు గొట్టములును వాషర్లును ఇథనాలునకు ఉబ్బి మెత్తబడును. వాటిని ఆలోచింపక మార్చివేయవలెను. టైర్లను, బ్యాటరీని, కేబుళ్లను గూర్చియు ఇంతకంటె చెప్పదగినది లేదు.

పట్టివేసిన పిస్టన్

కిక్కు కదలని ఇంజనును "పట్టివేసినది" అందురు. సిలిండరు గోడయు, రింగులును ఇనుము. రెంటిపైనను తుప్పు లేచినది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటాక్రమించును. రింగునకును గోడకును నడుమనున్న అతిసూక్ష్మమైన సందులో అది ఉబ్బి, రెంటిని బిగించి పట్టును. పిస్టన్ అల్యూమినియపుది, దానిపై లేచు ఆక్సైడు పలుచగా, దట్టముగా అంటుకొని లోపలి లోహమును కాపాడును. కావున ముప్పు పిస్టన్‌నుండి కాక రింగులనుండియే వచ్చినది.

ఇట్టి ఇంజనుపై బలముగా కిక్కు కొట్టుట మొదటి పొరపాటు; కిక్కు పళ్లు విరుగును. ప్లగ్గు రంధ్రమున ఇనుపకడ్డీ దించి సుత్తితో మోదుట రెండవది; పిస్టన్ తల పగులును. చేయదగినది మిక్కిలి సులభము, మిక్కిలి నెమ్మది. ప్లగ్గు తీసి ఆ రంధ్రములో డీజిలును పలుచని నూనెను కలిపి పోసి విడువవలెను. సందు ఎంత ఇరుకైనదో ద్రవము అంత దూరము దానిలోనికి తనంత తానే ప్రాకును. దీపపు వత్తి పోగుల నడుమ నూనె పైకెక్కుట ఈ సూత్రమువలననే. నూనె చిక్కనిదైనచో ప్రాకుటకు దీర్ఘకాలము పట్టును గనుకనే పలుచని దానిని కలుపుట. కొన్నాళ్లు నానిన పిమ్మట బండిని స్టాండుపై నిలిపి, టాప్ గేరులో పెట్టి, వెనుక చక్రమును రెండుచేతులతో పట్టుకొని ముందునకు వెనుకకు మెల్లగా ఊపవలెను. టాప్ గేరేల? చక్రము ఒకమారు తిరిగినప్పుడు మొదటి గేరులో ఇంజను ఎక్కువ చుట్లును, టాప్ గేరులో తక్కువ చుట్లును తిరుగవలసియుండును. చుట్లు తగ్గినకొలది మన చేతిబలము ఇంజనునకు ఎక్కువగా చేరును. ఊపగా ఊపగా చక్రము వెంట్రుకవాసి కదలును. ఆ కదలికను కంటికంటె ముందు అరచేయి కనుగొనును. ఆ సందున మరికొంత నూనె దిగును. మరునాడు మరికొంత కదలును.

ఈ పనికి నాళ్లు పట్టును, వారములు పట్టవచ్చును. మరమ్మత్తు దుకాణదారునకు అంత వ్యవధి యుండదు. వచ్చిన బండి సాయంకాలమునకు పోవలెను. కాబట్టి అతడు సుత్తి నెత్తుకొనుట అతని తప్పు గాదు, అతని బ్రతుకు తెరువది. వ్యాసంగముగా ఈ పని చేపట్టినవానికి ఎవ్వరును గడువు విధింపలేదు. ద్రవము ప్రాకుటయు, తుప్పు కరగుటయు తమ వేగమునే జరుగు క్రియలు. వాటికై వేచియుండగల తీరికయే ఔత్సాహికునకు నిపుణునికంటె అధికముగా నున్న ఏకైక సాధనము. దానిని అతడు చులకన చేయరాదు.

విడివడిన సిలిండరును శుభ్రపరచి చూచినప్పుడు, రింగులు నిలిచిన తావున గుంటలు పడియున్నచో, దానిని లేత్ షాపునకు పంపి బోరు వేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ అమర్చుకొనవలెను. బెజవాడ ఆటోనగరువంటి చోట్ల తరతరాలుగా ఈ పనియందు చేయి తిరిగినవారు కలరు. ఇచ్చట ఒక్క లెక్క చూడదగినది. వేడి 100 డిగ్రీలు హెచ్చినచో 70 మిల్లీమీటర్ల అల్యూమినియపు పిస్టన్ సుమారు 0.16 మిల్లీమీటరు వ్యాకోచించును. అదే వ్యాసముగల ఇనుప సిలిండరు అందులో సగమే, 0.08 మిల్లీమీటరే, వ్యాకోచించును. చల్లగా నున్నప్పుడు వదులేమియు లేకుండ బిగువుగా అమర్చిన పిస్టన్ కాగినప్పుడు ఎట్లు పట్టివేయునో దీనినిబట్టి తెలియగలదు. బోరు వేయువాడు విడుచు ఆ సన్నని సందు అజాగ్రత్త కాదు, అత్యవసరము. ఈ భేదమే వేరొకచోట మనకు తోడ్పడును: అల్యూమినియపు ఇంజను పెట్టెలో బిగిసిన ఉక్కు బేరింగును కొట్టి ఊడదీయనక్కరలేదు, పెట్టెను నీరు మరుగునంత వేడిచేసి బోర్లించినచో పలుమారు అది తనంత తానే జారిపడును.

తుప్పు వదలించుట

ఉప్పుకాగితముతో రుద్దినచో తుప్పు పోవును, దానితోపాటు ఇనుమును పోవును. అందుచేత తుప్పును మాత్రమే పట్టుకొని ఇనుమును విడుచు పదార్థములను వెదకవలెను. చక్కెర కర్మాగారముల మడ్డిని నీటిలో కలిపి, అందు తుప్పుపట్టిన భాగమును వారము రెండు వారములు ముంచి యుంచుట రైతులును మెకానిక్కులును ఎరిగిన పద్ధతి. మడ్డిలోని కొన్ని పదార్థములు తుప్పులోని ఇనుప అయానులను చుట్టుముట్టి నీటిలోనికి లాగుకొనును. శుద్ధలోహము జోలికి అవి అంతగా పోవు. నిమ్మఉప్పు త్వరగా పనిచేయును గాని లోహమును కొంత తినును. మరచి రాత్రంతయు విడువరాదు. గట్టిచేసిన ఉక్కు స్ప్రింగులను ఆమ్లములో ముంచుట ప్రమాదకరము. అప్పుడు పుట్టు ఉదజని ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసుగా మార్చును.

నాకు మిక్కిలి నచ్చినది విద్యుత్పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, గుప్పెడు చాకలిసోడా కలిపి, తుప్పుపట్టిన స్టాండునో ఫుట్‌రెస్టునో అందు వ్రేలాడదీసి, బ్యాటరీ చార్జరు ఋణధ్రువమును దానికిని, ధనధ్రువమును పనికిరాని ఇనుపముక్కకును తగిలింపవలెను. రెండు లోహములును ఒకదానినొకటి తాకరాదు. విద్యుత్తు ప్రవహింపగనే మన వస్తువునుండి సన్నని బుడగలు పొగమంచువలె లేచును, అది ఉదజని. తుప్పు పుట్టునప్పుడు ఇనుము కోల్పోయిన ఎలక్ట్రాన్లనే మనము తిరిగి దానికి అందించుచున్నాము. ఎఱ్ఱతుప్పు నల్లని మెత్తని పొరగా మారి, కుంచెతో తోమగనే రాలిపోవును. పోయిన లోహము మాత్రము గుంటలలోనికి తిరిగి రాదు. మూడు జాగ్రత్తలు ప్రాణప్రదములు. ఉదజని మండు వాయువు గనుక ఈ పని గాలి ధారాళముగా వీచు ఆరుబయటనే చేయవలెను, దగ్గర నిప్పుండరాదు. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలును ఎన్నడును తగిలింపరాదు. అందలి క్రోమియము విషరూపమున నీటిలో కలియును. అల్యూమినియపు భాగములను ఈ తొట్టిలో వేయరాదు. సోడా వాటిని కొరికివేయును.

నిప్పురవ్వ

ఇంజను కదిలినది, పెట్రోలు పారుచున్నది; ఐనను స్టార్టు కాదు. అప్పుడు ప్లగ్గును విప్పి, ఇంజనుకు ఆనించి, కిక్కు కొట్టి, "నిప్పు వచ్చుచున్నది, దోషము వేరేచోట నున్నది" అని నిర్ణయించుట వాడుక. ఈ పరీక్ష సగము మాత్రమే సత్యము. వెలుపలి గాలిలో అరమిల్లీమీటరు సందును దాటుటకు నిప్పురవ్వకు రెండు మూడు వేల వోల్టులు చాలును. సిలిండరులోపల గాలి ఆరింతలకు పైగా నొక్కబడియున్నప్పుడు అదే సందును దాటుటకు అనేకరెట్లు వోల్టులు కావలెను. ఏండ్లు గడచి బలహీనపడిన కాయిలు వెలుపల రవ్వను చూపి, లోపల చూపలేకపోవును. రవ్వ ఎఱ్ఱగా, సన్నగా నున్నచో దానిని నమ్మరాదు. నీలముగా, చిటపటలాడుచు దూకవలెను.

అంతటి వోల్టులు ఆరు వోల్టుల బ్యాటరీనుండి ఎట్లు వచ్చును? కాయిలులో విద్యుత్తు ప్రవహించుచున్నంతసేపు దాని చుట్టును అయస్కాంతక్షేత్రముండును. పాయింట్లు అను రెండు చిన్న లోహపు మొనలు విడివడగనే ప్రవాహము తెగి, ఆ క్షేత్రము క్షణములో కూలిపోయి, వేలచుట్లు గల రెండవ తీగలో మహావోల్టేజిని రేకెత్తించును. ఎంత వేగముగా తెగునో రవ్వ అంత బలమైనది. నిలిచిన బండిలో ఆ మొనలపై ఆక్సైడు పొర ఏర్పడి ప్రవాహమునే అడ్డగించును. సన్నని ఆకురాయితో రెండు గీతలు గీచి, తెల్లకాగితమును నడుమ లాగి తుడిచినచో పలుమారు అంతటితో బండి బ్రతుకును.

బుల్లెట్టు హెడ్‌లైటు పైనున్న ఆమ్మీటరు ఈ వ్యాపారమునంతయు కంటికి చూపును. తాళము త్రిప్పి, కిక్కురాడ్డును చేతితో నొక్కినంత మెల్లగా నొక్కుడు. పాయింట్లు కలిసియున్నప్పుడు ముల్లు ఎడమకు, ఋణచిహ్నమువైపునకు వ్రాలును. అవి విడివడు క్షణమున మధ్యకు లేచును. ముల్లు మధ్యకు లేచిన తావున పిస్టన్ దాదాపు శిఖరమున నున్నదని అర్థము. అప్పుడు సిలిండరులోని ఒత్తిడిని విడుచు డీకంప్రెసరు మీటను లాగి, పిస్టన్‌ను శిఖరము దాటించి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, తొట్రుపాటు లేకుండ ఒక్కటే నిండుకిక్కు కొట్టవలెను. బలముతో పనిలేదు. ఈ సూక్ష్మమెరిగిన సన్నని మనిషి స్టార్టు చేయు బండిని, ఎరుగని బలశాలి చెమటోడ్చియు కదిలింపలేడు. పైగా పిస్టన్ శిఖరము చేరకమునుపే రవ్వ పుట్టినచో కిక్కు వెనుదన్ని అతని కాలికి గాయము చేయును.

ఎంతవరకు క్రొత్తచేయవలెను?

బండి నడిచిన తరువాత వచ్చు ప్రశ్న ఇది. నా అభిప్రాయమున అన్నిటికంటె క్లిష్టమైనదియు ఇదియే. అద్దమువలె మెరయు రంగు, క్రొత్త క్రోమియపు పూత, క్రొత్త నట్లు, క్రొత్త సీటు వేసినచో బండి అందముగా నుండును. కాని అది అరువదియవ దశకమున మద్రాసులో పుట్టిన బండియని చెప్పుటకు దానిపై ఏ సాక్ష్యమును మిగులదు. ఆ కర్మాగారమున టాంకుపై బంగారుగీతలను అచ్చు లేకుండ చేతితో కుంచెపట్టి గీచెడివారు. ఆ గీతలో కొనయందు సన్నబడు ఒక వంపు, మధ్యలో ఒక చిన్న వణకు కనిపించును. పెచ్చులూడినను ఆ గీత నిలిచియున్న టాంకును గీకి క్రొత్తరంగు పూయుటకు నేను సమ్మతింపను. తుప్పును ఆపుట, ఇంధనమును లోహమును శుద్ధిచేయుట, ప్రాణమునకు సంబంధించిన బ్రేకులను టైర్లను మార్చుట అవసరము. కాలము వేసిన వన్నెను చెరుపుట అవసరము గాదు. చిల్లులు పడిన సైలెన్సరు మారవలసినదే. సొట్టపడిన మడ్‌గార్డు మారనక్కరలేదు.

చట్టము కూడ ఇదే దిక్కున నడచినది. 2021 జులైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు నిండి, మూలరూపమున గణనీయమైన మార్పులేవియు చేయబడని వాహనమును వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్తగా నమోదగు బండి నంబరులో "వీఏ" అను అక్షరములుండును. తొలి నమోదునకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదునకు 5,000 రూపాయలు. ఆ నమోదుపై బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మత్తునకు, పెట్రోలు పోయించుటకు రోడ్డుపైకి తేవచ్చునేగాని నిత్యవ్యవహారములకు వాడరాదు.

నమోదు ఏ విధమైనదైనను అధికారి మొట్టమొదట చూచునవి ఇంజను నంబరు, చాసీ నంబరు. చాసీ నంబరు హాండిలు క్రింద ఫ్రేము మెడపై అచ్చుగ్రుద్దబడి, సామాన్యముగా దట్టమైన తుప్పులోను పాతరంగులోను మునిగియుండును. ఆ తావునకు గ్రైండరును, గరుకు కాగితమును దగ్గరకు రానీయరాదు. లోతు తక్కువైన ఆ అంకెలు ఒక్క నిమిషములో చెరిగిపోవును, చెరిగిన నంబరు గల బండి దొంగబండియని అనుమానింపబడవచ్చును. నిమ్మఉప్పు ద్రావణములో తడిపిన గుడ్డను దానిపై పరచి, గంటకొకమారు తొలగించి, మెత్తని కుంచెతో తోమి, మరల తడిపి పరచుచు, అంకెలన్నియు స్పష్టపడిన వెంటనే నీటితో కడిగి, తుడిచి, నూనె పూయవలెను.